పిక్చర్ సార్ పెదవుల మీది పాఠం

పోయిన వారం ఒకరోజు పొద్దున పాల ప్యాకెట్ కోసం వాకిట్లోకి వచ్చాను. ఎదురుగా ఉన్న కార్ఖానాలో సాంచెలు అప్పటికే మొదలయ్యాయి. వీధికి అవతల, ఆ కార్ఖానా మెట్ల మీద శ్రావణి నిలబడి ఉంది. పోయినేడాది మా కాలేజీలో పన్నెండో తరగతి పూర్తి చేసిన పిల్ల. నన్ను చూడగానే పెదవులు కదిపింది.

"మేడం, పిక్చర్ సార్ పోయిండ్రు."

గొంతు తీయలేదు. తీసినా ఆ చప్పుడులో నాకు వినపడేది కాదు. "ఎప్పుడు?" అని నేనూ అట్లాగే అడిగాను. "తెల్లారంగ. దవాఖానలనే," అంది. మా ఇద్దరి మధ్య ఒక లూనా వెళ్లింది, ఒక కుక్క వెళ్లింది. నేను పాల ప్యాకెట్ తీసుకుని లోపలికి వచ్చేశాను. పాలు పొయ్యి మీద పెట్టాక గాని ఏడుపు రాలేదు.

షోలాపూర్‌లో మరమగ్గాల మధ్య పుట్టనివాళ్లకు ఇది కొంచెం విడమర్చి చెప్పాలి. మరమగ్గాలను మేము సాంచెలంటాం. నీలం నగర్‌లో, ఆ చుట్టుపక్కల వీధుల్లో పొద్దస్తమానం అవి ఆడుతూనే ఉంటాయి. టవళ్లు, చద్దర్లు నేసే ఆ చప్పుడులో పక్కనున్న మనిషి అరిచినా వినపడదు. కాబట్టి ఎవరూ అరవరు. ఊరికే పెదవులు కదుపుతారు, అవతలివాళ్లు చూసి అర్థం చేసుకుంటారు. మాకిది ఎవరూ నేర్పలేదు. నడక వచ్చినట్లే వచ్చింది. మా నాన్న ఆరు సాంచెల అవతల నుంచి నన్ను తిట్టిన తిట్లన్నీ నేను కళ్లతోనే విన్నాను.

నేను జూనియర్ కాలేజీలో అకౌంట్స్ చెబుతాను. సినిమాలంటే నాకు మొదటినుంచీ పెద్ద ఇది లేదు. మూడు గంటలు కూర్చుని లేనివాళ్ల కష్టాలకు ఏడవడమెందుకన్నది నా పద్ధతి. అలాంటి నా క్లాసు గదికి పక్క గదిని మేనేజ్‌మెంట్ వాళ్లు ఫిల్మ్ స్టడీస్‌కు ఇచ్చారు. పదకొండు, పన్నెండు తరగతుల పిల్లలు తీసుకునే కొత్త సబ్జెక్టు అది. దానికి వచ్చినాయన గురించే ఈ నాలుగు మాటలు. పిల్లల తల్లిదండ్రులు ఆయనకు పిక్చర్ సార్ అని పేరు పెట్టారు. "పిక్చర్లు చూసుడు గూడ చదువేనా మేడం?" అని నన్ను అడిగేవారు. నాకేం తెలుసు, వెళ్లి ఆయన్నే అడగమనేదాన్ని.

ఆయన బట్టల వ్యాపారస్థుల ఇంట్లో పుట్టారు. వాళ్ల ముత్తాతలు కరీంనగర్ వైపు నుంచి వచ్చారట, మా వాళ్లూ అటువాళ్లే. కానీ ఆయన దుకాణంలో పెరిగారు, మేము కార్ఖానాలో. ముంబైలో చాలా ఏళ్లు ఎడిటింగ్ పని చేసి, తల్లికి బాగాలేదని తిరిగి వచ్చి, ఇక్కడే ఉండిపోయారు. ఆయన గొంతు ఎంత పెద్దదంటే నా క్లాసులో డెబిట్, క్రెడిట్ అని నేను చెబుతుంటే పిల్లలు "క్లోజప్" అని రాసుకునేవాళ్లు. రెండుసార్లు వెళ్లి పోట్లాడాను. రెండుసార్లూ జేబులోంచి వేయించిన పల్లీలు తీసి నా చేతిలో పోశారు. ఆ మనిషితో పోట్లాట కుదిరేది కాదు.

ఆయన హాజరు వేసే పద్ధతి విచిత్రంగా ఉండేది. పేరు పిలిస్తే ప్రెజెంట్ అనకూడదు. ఇంటి నుంచి వచ్చేటప్పుడు దారిలో చూసినది ఒకటి చెప్పాలి. ముందు ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పకూడదు. ఊరి బయట కుంభారి కొత్త ఇళ్ల నుంచి బస్సులో వచ్చే పిల్లలకు ఇందులో లాభం, దారి పొడుగు కదా. "బస్సుల ఒక అవ్వ బీడీల గంప ఒళ్లె పెట్టుకోని పండుకున్నది సార్, గంప మీద చెయ్యి మాత్రం పండుకోలే," అని ఒక పిల్ల చెప్పడం నేను వరండాలోంచి విన్నాను. "శభాష్. ఇగ దాని గురించి నీకేమనిపించిందో రేపు చెప్పు. ఇయ్యాల చూసింది చాలు," అన్నారు సార్. చూసిందీ అనిపించిందీ కలిపేస్తే ఆయనకు కోపం. పిల్లలు "మస్తుగున్నది సార్" అని ఏ సినిమా గురించి చెప్పినా, "మస్తు అంటే ఎంత ఎత్తు? ఏం రంగు?" అని ఏడిపించేవారు.

ఆ తర్వాత గొంతులో పుండు లేచింది. పరీక్షలు చేసి, కోసి, స్వరపేటిక తీసేశారు. మెడ కింద ఊపిరి తీసుకోవడానికి ఒక రంధ్రం, దాని మీద తెల్లటి చిన్న టవల్ గుడ్డ. అంత గొంతూ మాయమైంది. చూడ్డానికి వెళ్లినప్పుడు ఆయన పెదవులు కదిపారు. పక్కన కూర్చున్న ఆయన భార్యకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. "మేడం, ఇప్పుడు మీ క్లాసుకు డిస్టర్బ్ ఉండదు," అన్నారు. నేను తెచ్చిన బత్తాయిలు బల్ల మీద పెట్టాను.

కోలుకున్నాక తిరిగి కాలేజీకి వస్తానన్నారు. అక్కడే వచ్చింది చిక్కు. మేనేజ్‌మెంట్ సెక్రటరీ బట్టల మిల్లు సేఠ్. చెడ్డమనిషి కాదు, కానీ ఆయనకు పని అంటే పని. "గొంతు లేని మాస్టర్ పాఠమెట్ల చెప్తడు? పగార్ ఇంటికి పంపిద్దాం, ఆరామ్ తీసుకోమనండి. సబ్జెక్ట్ బంద్ జేద్దాం," అన్నారు. బారావీ పిల్లలు, అంటే పన్నెండో తరగతివాళ్లు, సగం సిలబస్‌లో ఉన్నారు. సబ్జెక్టు ఆగితే వాళ్లు మధ్యలో ఇంకోటి మొదలుపెట్టాలి. సార్ ప్రిన్సిపాల్ గదికి వచ్చి, దవాఖాన వాళ్లిచ్చిన బ్యాటరీ మిషన్ మెడకు ఆనించి మాట్లాడారు. అది గరగరమని ఎవరో డబ్బాలోంచి మాట్లాడినట్లుంటే, టీ తెచ్చిన ప్యూన్ గ్లాసులు అక్కడే పెట్టి బయటికి పరుగెత్తాడు. సార్ మిషన్ జేబులో పెట్టుకుని నా వైపు తిరిగి పెదవులతో చెప్పారు. నేను దాన్ని ప్రిన్సిపాల్‌కు చెప్పాను.

"ఈ పిల్లల్ని బారావీ దాటిస్త. నాకు ఆరామ్ వద్దు, ఆ ఒక్కటి కావాలె."

ఇక అంతే, ప్రిన్సిపాల్ ఆ భారం నా నెత్తిన పెట్టారు. "మీరు వారం రోజులు ఆయన క్లాసుల కూసోండ్రి మేడం. పిల్లలకు సమజైతుందో లేదో చూసి నాకు చెప్పుండ్రి. మీరు మొహమాటపడరు, నాకు తెలుసు," అన్నారు. మొహమాటపడనన్న మాట నిజమే.

వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను. సార్ బోర్డు ముందు నిలబడి పెదవులు కదపడం మొదలుపెట్టారు. క్లాసు మొత్తం ఆయన మొహం మీదే కళ్లు పెట్టి కూర్చుంది. ఇరవై ఏళ్లుగా చెబుతున్నాను, ఒక్క పిల్ల గాని పిల్లవాడు గాని నా మొహం వైపు అట్లా చూసింది లేదు. ఆయన బోర్డు వైపు తిరిగితే పాఠం ఆగిపోతుంది. కాబట్టి ఆయన తిరగరు, వాళ్లు తల దించరు. ప్రశ్నలు కూడా వాళ్లు గొంతు లేకుండానే అడుగుతున్నారు, అదేం విడ్డూరమో. "గొంతుతోని అడగొచ్చు కదా, నాకు చెవులు మంచిగనే ఉన్నయి," అన్నారు సార్. అప్పుడు పిల్లలంతా నవ్వారు. ఓంకార్ అని బ్యాంకు ఆఫీసరు గారి అబ్బాయి ఒక్కడే హోట్గి రోడ్ నుంచి వచ్చేవాడు, సాంచె మొహం చూడనివాడు. వాడికి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. సార్ వాడిని ముందు బెంచీకి మార్చి, శ్రావణిని పక్కన కూర్చోబెట్టారు. వారం తిరిగేసరికి వాడు సగం పట్టుకున్నాడు, మిగతా సగం ఊహించుకుని తప్పులు చెప్పి అందరినీ నవ్వించాడు.

ప్రిన్సిపాల్‌కు ఉన్నది ఉన్నట్లు చెప్పాను. పాఠం సాగుతోంది, నా క్లాసు కంటే బాగా సాగుతోంది. ఆయన సేఠ్‌తో మాట్లాడారు. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. ప్రాక్టికల్ పరీక్షకు బయటి నుంచి ఎగ్జామినర్ వస్తారు. పిల్లలు తీసిన చిన్న సినిమా వాళ్లకు నచ్చితే సార్ ఉంటారు, సబ్జెక్టు ఉంటుంది. లేకపోతే రెండూ పోతాయి.

పిల్లలు శ్రావణి వాళ్ల అమ్మ మీద సినిమా తీశారు. ఆమె మా ఎదుటి కార్ఖానాలోనే నూలు కండెలు చుడుతుంది. చిన్నప్పుడు ఆమె ఒక చివర, సాంచె నడిపే అబ్బాయి ఒక చివర. ఇద్దరూ పెదవులతోనే మాట్లాడుకునేవారు, పెద్దవాళ్లు చూసి పెళ్లి చేశారు. ఆ సంగతే ఆమె పని చేస్తూ కెమెరాకు చెబుతుంది. పిల్లలు ఫోన్‌తో తీసి, కాలేజీ కంప్యూటర్ మీద రోజుల తరబడి అతికారు. పూర్తయ్యాక అందరం చూశాం. ఇద్దరు ముగ్గురు ఏడ్చారు. సినిమాలంటే పడని నేను కూడా కళ్లు తుడుచుకున్నాను. సార్ శ్రావణి తల మీద చెయ్యి పెట్టి, "లయ్ భారీ," అన్నారు. మరాఠీలో అదీ మస్తు అన్నట్లే. ఆయన నోట ఆ మాట ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

పరీక్ష రోజు వచ్చింది. ఎగ్జామినర్ పుణె నుంచి వచ్చిన నడివయసు ఆవిడ, నూలు చీర, మెడలో కళ్లద్దాలు. సార్ మాట ఆవిడకు అర్థం కాదు కాబట్టి, సార్ చెప్పేది చెప్పడానికి నన్ను పక్కన నిలబెట్టారు. ప్రిన్సిపాల్, సేఠ్ ఇద్దరూ వచ్చి ఒక మూల కూర్చున్నారు. లైట్లు ఆర్పి సినిమా వేశారు. అయిపోయింది. లైట్లు వేశారు. ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. ఆవిడ మనసు కదిలిందేమో అని మేమంతా అనుకున్నాం.

"తెర మీద ఆవిడ ఏం చెబుతోంది?" అని అడిగింది మరాఠీలో.

మాకు ప్రశ్నే అర్థం కాలేదు. ఏం చెబుతోందేమిటి, అంత స్పష్టంగా చెబుతుంటే. "మాట ఎక్కడుంది? నాకు మెషిన్ల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు," అందావిడ.

అప్పుడు తెలిసింది. ఆ సినిమాలో ఒక్క మాట లేదు. మొదటినుంచి చివరి దాకా సాంచెల చప్పుడే. తీసినవాళ్లు చూసి అర్థం చేసుకున్నారు, అతికినవాళ్లు చూసి అర్థం చేసుకున్నారు, చూసినవాళ్లం కూడా అంతే. ఓంకార్ కూడా అప్పటికి మాలో ఒకడైపోయాడు. మాట వినపడటం లేదని ఒక్కరికీ తోచలేదు. ముంబైలో ఉన్నన్నాళ్లూ సౌండ్ కోసం అందరితో కొట్లాడిన మనిషి, బొమ్మ చూడకుండా ఒకసారి కళ్లు మూసుకుని వినమని పిల్లలకు నేర్పిన మనిషి, ఆయనకూ తోచలేదు. సార్ నుదుటి మీద చేత్తో కొట్టుకున్నారు. నేను మూలకు చూశాను. సేఠ్ ప్రిన్సిపాల్ చెవిలో ఏదో అంటున్నారు. అది వినక్కర్లేదు, పెదవులు చూస్తే చాలు. "నేను ముందే చెప్పిన," అంటున్నారు.

ఎగ్జామినర్ మంచిది. మా మొహాలు చూసి ఆవిడే దారి చూపించింది. "ఇది కావాలనే చేసిన ప్రయోగమా? మాట వినపడకుండా చేయాలని అనుకున్నారా? అలాగైతే చెప్పండి, దాన్ని ఇంకోలా చూడొచ్చు," అంది.

ఆవిడ వెనక నిలబడ్డ పిల్లలంతా ఒక్కసారిగా పెదవులు కదిపారు. "హో అనుండ్రి సార్! హో అనుండ్రి!" ఆవిడకు వినపడదు, కనపడదు. మాకు మాత్రం ఎదురుగానే కనబడుతోంది. శ్రావణి అయితే దండం పెడుతోంది. హో, అంటే అవునని, ఒక్క మాటంటే అంతా గట్టెక్కుతుంది. సబ్జెక్టు ఉంటుంది, సార్ ఉంటారు. సార్ వాళ్ల వైపు చూశారు. తర్వాత నా వైపు తిరిగారు.

"కాదని చెప్పు మేడం. ప్రయోగం గాదు, తప్పు. మనకు మనం అర్థమైతే సరిపాయె అనుకున్నం. తప్పు నాది, పిల్లలది గాదు."

పిల్లలు ఇప్పుడు నా మీద పడ్డారు. "చెప్పకుండ్రి మేడం, హో అనుండ్రి, మీరు చెప్పిందే కదా ఆమెకు తెలుస్తది!" నిజమే. ఆయన ఏమన్నా ఆవిడకు చేరేది నేను చెప్పిందే. ఆ గదిలో అప్పుడు ఆయన మాటకు గొంతు నాదొక్కటే. ఆయన నా పెదవుల వైపే చూస్తున్నారు. నేను మార్చి చెబితే ఆయనకు వినపడుతుంది, చెవులు బాగానే ఉన్నాయి కదా. కానీ ఆయన అడ్డుకోలేరు.

ఆయన అన్నది అన్నట్లు మరాఠీలో చెప్పాను. "తప్పు నాది" అన్నది కూడా "తప్పు నాది" అనే చెప్పాను, "తప్పు సార్‌ది" అనలేదు. శ్రావణి కన్నెర్రజేసి మొహం తిప్పుకుంది.

ఎగ్జామినర్ పెన్ను కింద పెట్టింది. "మళ్లీ వేయండి. ఈసారి ఆ తల్లి మాటలు ఎవరైనా పైకి చెప్పండి," అంది. శ్రావణి తెర పక్కన నిలబడి మరాఠీలోకి మార్చి చెప్పడం మొదలుపెట్టింది. ఏడుపు గొంతుతో, సాగదీస్తూ. సార్ చెయ్యి ఎత్తి ఆపించి పెదవులు కదిపారు. "నీ ఏడుపు గాదు బిడ్డా. మీ అమ్మ నవ్వుకుంట చెప్తుంది, చూడు." పిల్ల ముక్కు తుడుచుకుని తెర వైపు చూసి, మళ్లీ మొదలుపెట్టింది.

"మేమిద్దరం ఫస్టు గొంతుతోని మాట్లాడింది పెండ్లైనంకనే. అప్పటిదాంక ఈయన గొంతు ఎట్లుంటదో నాకు తెల్వది. ఇంత పెద్ద మనిషికి గంత సన్న గొంతేందని రాత్రంతా నవ్విన. ఇప్పటికి గూడ ఇంట్ల కొట్లాట వస్తే మేం నోరు మూసుకోనే కొట్లాడతం, పిల్లలకు వినపడొద్దని. అయినా ఈ పోరి చూస్తది."

ఎగ్జామినర్ పకపకా నవ్వింది. సేఠ్ కూడా నవ్వు ఆపుకోలేకపోయారు, ఆయన తల్లిదండ్రులూ కార్ఖానాలో నుంచే పైకి వచ్చారు. "సౌండ్‌కు నేను మార్కులు ఇవ్వను," అని ఆవిడ లేస్తూ చెప్పింది. "మిగతాదానికి పూర్తిగా ఇస్తాను. తప్పును తప్పని చెప్పే మాస్టర్ దగ్గర ఈ పిల్లలు చదువుకోవాలి." సార్ ఆ సంవత్సరం ఉన్నారు. తర్వాతి బ్యాచ్‌కూ ఉన్నారు.

సార్ అంతటితో వదల్లేదు. కార్ఖానా సెలవు రోజు పిల్లల్ని తీసుకెళ్లి, ఆ తల్లిని అదే చోట కూర్చోబెట్టి, నిశ్శబ్దంలో మళ్లీ చెప్పించాలని చూశారు. నేనూ వెళ్లాను. మైకు పెట్టారు. ఆమె మొదలుపెట్టింది. ఒక్క సాంచె ఆడటం లేదు, అయినా ఆమె గొంతు బయటికి రాలేదు. పెదవులు మాత్రమే కదుపుతోంది. "అమ్మా, ఆవాజ్ తియ్యి!" అని శ్రావణి అరిచింది. "అరే, ఈడ కూసుంటే నాకు గొంతు రాదే. ఈడ ఎన్నడు తీసిన?" అందామె. అప్పుడు సార్ నవ్విన నవ్వు నాకు గుర్తుంది. శబ్దం లేకుండా, మెడ మీది గుడ్డ పట్టుకుని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వి, "లేని గొంతు ఎక్కడికెళ్లి తెస్తం? కింద అక్షరాలు వేయుండ్రి," అన్నారు.

అప్పటినుంచి మీటింగులన్నిటికీ ఆయన గొంతు నేనే. నాకు నచ్చని మాటలు కూడా నేనే చెప్పాను, నా మీద వేసిన జోకులతో సహా. ఈ వీధుల్లో పుట్టి పెరిగి, ఆ చప్పుడు తలనొప్పి తప్ప మరేదీ కాదనుకున్నదాన్ని. మా మొహాలు ఎంత మాట్లాడతాయో ఆయన వచ్చి చూసేదాకా నేను చూసుకోలేదు. అందుకు ఆయనకు నేను రుణపడి ఉన్నాను, ఇది ఆయన ఉండగా అనలేదు, అంటే ఏడిపించేవారు.

ఈ మధ్య పుండు మళ్లీ వచ్చింది. చివరిసారి దవాఖానకు వెళ్లినప్పుడు పెదవులు ఎండి, మెల్లగా కదులుతున్నాయి. "ఇన్ని రోజులు నా మాటలు చెప్పినవ్ కదా మేడం. నీవి ఏమన్న కలిపినవా?" అని అడిగారు.

"ఒక్క ముక్క కలపలే సార్."

"జరా కలిపితే బాగుండు. నేనంత మంచిగ ఏం చెప్పలే."

మొన్న కాలేజీ హాల్లో సంతాప సభ పెట్టారు. ముందు వరుసలో సేఠ్, ట్రస్టీలు, ప్రిన్సిపాల్, నేను. వెనక వరుసల్లో పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు. చాలామంది కార్ఖానా నుంచి నేరుగా వచ్చారు, జుట్టు మీద దూదిపోగులతోనే. ఓంకార్ తన ఫోన్‌లో తీసిన వీడియో ఒకటి తెర మీద వేశాడు. క్లాసులో సార్ నిలబడి పెదవులు కదుపుతున్నారు. ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ముందు వరుసవాళ్లు మర్యాదగా తలలు వంచుకుని కూర్చున్నారు. తెర మీద సార్ కెమెరా వైపు వేలు చూపించి, "నన్నేం తీస్తున్నవ్ రా ఓంకార్? నా వెనక గోడ మీద బల్లి చూడు, ఎంత మంచిగ యాక్టింగ్ జేస్తుందో. దాన్ని తియ్యి," అన్నారు. వెనక వరుసలన్నీ ఒక్కసారి ఘొల్లుమని నవ్వాయి.

ముందు వరుస మొత్తం ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. సంతాప సభలో ఈ నవ్వేమిటో వాళ్లకు తెలియలేదు. నేను గాక సేఠ్ ఒక్కరు తిరగలేదు, కార్ఖానా ఇంటి మనిషి కాబట్టి ఆ నవ్వు సార్ మాటకేనని ఆయనకు తెలుసు. కానీ వయసుతో ఆయనకు కళ్లు సరిగా ఆనడం లేదు. నా వైపు వంగి, "ఏమన్నడు మేడం? నాకు చెప్పుండ్రి," అన్నారు.

చెబుదామని నోరు తెరిచాను. పెదవులు కదిలాయి. గొంతు రాలేదు.